పని యడుగుటకు వెల

అన్నము పెట్టినవాడు అన్నమునకు వెల పుచ్చుకొనుట న్యాయమని లోకమంతయు నొప్పుకొనును. కాని పూటకూటింటి వాకిట నిలిచి, లోపల అన్నము కలదా యని యడుగువారియొద్ద ఆ ప్రశ్నకే యొక రూపాయి పుచ్చుకొని, పిదప సమాధానము చెప్పుటయు మానుటయు తన యిష్టమనువాని నేమందుము? ఇది వాదమునకై మేము కల్పించిన యుపమానమని చదువరులు తలపవలదు. నేడు హైదరాబాదు నగరమున, హైటెక్ సిటీ మేడల నీడలలోనే, చదువుకొన్న యువతీయువకు లెందరో పని చేసినందుకు గాక పని యడిగినందుకు రుసుము చెల్లించుచున్నారు. ఆ రుసుము నానాటికి పెరుగుచున్నది. ఇది ధర్మమా, అధర్మమా? ధర్మము కానిచో అందలి దోష మెచ్చట నున్నది? దానిని విచారించుటయే మా యుద్దేశము.

ఈ విచారమునకు మమ్ము పురికొల్పినవాడు మా పూర్వవిద్యార్థి యొకడు. మాదాపూరులో నొక హాస్టలు గదిలో మువ్వురితో కలిసి యుండి, రాత్రులయందు కంప్యూటరు ముందు గూర్చుండి, దూరదేశపు వర్తకులకు వెబ్‌సైటులు తయారుచేయు పనికై యత్నించుచుండెను. మన రాత్రి యమెరికావారికి పగలు గదా. మొన్న దసరా సెలవులలో మా యింటికి వచ్చి, యొక చిన్న లెక్కల పుస్తకమును మా చేతికిచ్చెను. మూడు నెలలలో నలువదిమూడు దరఖాస్తులు పంపినాడు. ప్రతిదానికి రుసుము చెల్లించినాడు. తెరచి చూడబడినవి పదునొకండు. ప్రత్యుత్తరము వచ్చినవి నాలుగు. దొరికిన పని యొకటి. ఆ పనికి వచ్చిన కూలిలో సగము దరఖాస్తుల రుసుము క్రిందనే పోయినది. ఆ రుసుమునకై అతడు తన యక్కయొద్ద అప్పు చేసియుండెను.

"ఓడిపోయినందుకు నాకు బాధ లేదు, సార్. నాకన్న బాగా చేసేవాళ్లు ఉంటారు. కాని ముప్పైరెండుమంది నా ఉత్తరం తెరిచి చూడనైనా లేదు. మరి ఆ డబ్బు నేను దేనికిచ్చినట్టు?" అని యతడు మమ్మడిగెను. మేము వెంటనే యుత్తరము చెప్పజాలకపోతిమి. బడిలో నుండగా "యత్నము మానకుము, చేసిన యత్నము వృథా కాదు" అని యతనికి మరల మరల బోధించినవారము మేమే. యత్నమొక్కొక్కటియు నొక ధరకు అమ్ముడగుచోట ఆ బోధ యెవరిని ధనవంతుల జేయును? ఈ సందేహము మమ్ము నాటినుండి విడువలేదు.

మొదట ఈ పద్ధతి యెట్లు నడచునో గృహస్థులైన చదువరులకు విన్నవింతుము. కొలువులో చేరక, ఒక్కొక్క పనికి ఒక్కొక్క యజమానితో ఒప్పందము చేసికొని, ఇంటనుండియే ఆ పనిని ముగించి యిచ్చుటకు ఫ్రీలాన్సింగు అని పేరు. యజమాని యొక దేశమున, పనివాడు మరియొక దేశమున ఉందురు గనుక వీరిని కలుపుటకు ఇంటర్నెట్టులో మధ్యవర్తులు వెలసినారు. వీరిలో పేరుపడినది అప్‌వర్క్ అను అమెరికా కంపెనీ. ఈలాన్స్, ఓడెస్క్ అను రెండు కంపెనీలు ఏకమై, 2015లో ఈ పేరు ధరించినవి. 2009లో ఆస్ట్రేలియాలో మొదలైన ఫ్రీలాన్సర్, 2010లో ఇజ్రాయెలులో మొదలైన ఫైవర్ అనునవియు నిట్టివే.

అప్‌వర్క్‌లో పని యడుగవలెనన్నచో ప్రతి దరఖాస్తునకు 'కనెక్టు' లను టోకెనులు కొన్ని చెల్లింపవలెను. పూర్వము పనివారికి ఇవి నెలనెల ఉచితముగా లభించుచుండెను. 2019లో ఒక్కొక్కదానికి 15 అమెరికా సెంట్ల వెల యేర్పడెను. అప్పుడు ఒక దరఖాస్తునకు 1 మొదలు 6 వరకు కనెక్టులు చాలుచుండెను. నేడు పదికి మించి కోరు పనులు సాధారణము. అంతటితో తీరలేదు. తన దరఖాస్తు యజమానికి పైవరుసలో కనబడవలెనన్నచో వేలము పాటవలె మరికొన్ని కనెక్టులు పాడవలెను. పని దొరికిన పిదప కూలిలోనుండి కోసికొను కమీషను దీనికి వేరు. అది 2023 మే నెలలో నూటికి 10గా స్థిరపడి, 2025 మే నుండి క్రొత్త ఒప్పందములకు సున్న మొదలు 15 వరకు మారుచుండునదైనది.

ఒక లెక్క వేసి చూతము. దరఖాస్తునకు 12 కనెక్టులనుకొందము. అనగా ఒక డాలరు 80 సెంట్లు. నెలకు 30 దరఖాస్తులు పంపిన 54 డాలర్లగును. మన నాణెములో నది నాలుగున్నర వేల రూపాయలకు మించును. న్యూయార్కు పురవాసికి ఇది యొక పూట విందు. మాదాపూరు హాస్టలులో నుండు బాలునికో, ఇది నెల తిండి ఖర్చులో పెద్ద పాలు. ధర యందరికి నొక్కటే. బరువు మాత్ర మొక్కటి కాదు.

ఇంత భారమును వహించి ఈ వాకిళ్ల కేల పోవలెనని యడుగవచ్చును. 1998 నవంబరు మాసమున అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిరి. రాళ్లగుట్టలుగా నుండిన ఆ ప్రాంతము క్రమముగా గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల దాక మేడలతో నిండెను. అది మొదలు తెలుగునాట మధ్యతరగతి గృహములలో నొకటే జపము: పిల్లవాడు సాఫ్టువేరు కొలువులో చేరవలెను. అమీర్‌పేట మైత్రీవనము చుట్టుప్రక్కల శిక్షణాలయములు వీధి వీధిని నిండినవి. కాని ఆ మేడలలో నందరికి చోటు చాలదు. చోటు దొరకనివారును, దొరికినది పోయినవారును, ప్రసవానంతరము ఇల్లు విడువలేని స్త్రీలును ఈ యింటి పనిని ఆశ్రయించుచున్నారు. ఇంటనుండి గౌరవముగా సంపాదింప వీలైన మార్గమున కడ్డు వచ్చునది మా పక్షము కాదు. స్త్రీలకు, గ్రామవాసులకు ఈ మార్గము తెరచిన మేలును మేము మరువలేదు. అందుచేతనే దాని వాకిట జరుగు అన్యాయమును ఉపేక్షింపరాదని చెప్పుచున్నాము.

హైదరాబాదున ఇంకొక విధమైన వాకిలి యనాదిగా నున్నది. తెల్లవారుజామున నగరపు కూడళ్లకు బోయి చూడుడు. తాపీలు, పారలు, గంపలు పట్టుకొని స్త్రీపురుషులు నిలిచియుందురు. దానిని అడ్డా యందురు. మేస్త్రీ వచ్చి బేరమాడి, కావలసినవారిని తీసికొనిపోవును. మిగిలినవారు పదిగంటలకు ఇంటికి మరలుదురు. అది సుఖమైన జీవనమని మేమనము. అక్కడ మోసము కలదు, కూలి యెగవేత కలదు. అయినను ఆ కూడలిలో నిలుచుటకు కూలివాడు మేస్త్రీకి రుసుము చెల్లింపడు. పని దొరకని నాడు అతని పూట పోవును గాని, గంపలోని రొట్టె పోదు. చదువు లేనివాని యడ్డాకంటె చదువుకొన్నవాని యడ్డా యీ యొక్క విషయమున కఠినమైనది.

మన పూర్వుల చరిత్రలో మేస్త్రీ పద్ధతి సుప్రసిద్ధము. ఉత్తర కోస్తా జిల్లాలనుండి రంగూనునకు బోయిన తెలుగు కూలీలకు మేస్త్రీ యోడచార్జీ అప్పుగా నిచ్చి, పిదప వారి కూలిలోనుండి రాబట్టుకొనుచుండెను. పాలమూరు జిల్లానుండి ఆనకట్టలకు, కాలువలకు బోయిన కూలీలకును గుంపుమేస్త్రీ ముందుగా బయానా యిచ్చి వారిని కట్టివేయుచుండెను. ఆ బయానా వారి మెడకు ఉరియైన కథలు ఎన్నియో కలవు. ఆ పద్ధతిని మేము పొగడుటలేదు. కాని యొక్క సంగతి గమనింపుడు. ఆనాడు పని దొరకకముందు మేస్త్రీ సొమ్ము కూలివానికి పోవుచుండెను. నేడు పని దొరకకముందు కూలివాని సొమ్మే మేస్త్రీకి పోవుచున్నది. బయానా దిక్కు మారినది.

ఇక మధ్యవర్తుల పక్షమున చెప్పదగిన మాటలను న్యాయముగా వినవలెను. ఒకటి: వాకిలి యూరకే తెరచియుంచిన నొక్కొక్క పనికి వందలకొలది యుత్తరములు వచ్చిపడును, అందులో యోగ్యుని వెదకుట యజమానికి దుస్సాధ్యము. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిదప, యంత్రముచేత క్షణములో దరఖాస్తు వ్రాయించుటయు సులభమైనది. కావున కొంచెము వెల పెట్టిననే గాని జనులు ఆలోచించి యడుగరు. రెండు: ఎవరినిని బలవంతము చేయుటలేదు, ఇష్టము లేనివారు రాకుండవచ్చును. మూడు: ప్రభుత్వమువారు సయితము ఉద్యోగ పరీక్షలకు నిరుద్యోగులనుండి రుసుము గ్రహించుచున్నారు గదా.

మొదటి మాటలో సత్యము కలదు. కాని అడ్డుకట్టయే యుద్దేశమైనచో, యోగ్యమైన దరఖాస్తుల రుసుమును తిరిగి యీయవచ్చును. నెలకిన్ని యని పరిమితి పెట్టవచ్చును. పని ప్రకటించు యజమానియొద్ద పూచీ పుచ్చుకొనవచ్చును. అడ్డుకట్ట యనిన దానిని ఆదాయముగా లెక్కవేయుట మొదలుపెట్టిననాడు దాని స్వభావమే మారును. వరదను ఆపుటకు కట్టిన తూముమీద నీటికి పన్ను వేయువాడు వరద తగ్గవలెనని కోరునా? పైవరుసకై వేలము పెట్టుట ఆ స్వభావమును బయలుపరచుచున్నది. ఆలోచించి యడుగుమనుటకు వేలముతో పనిలేదు. వేలము యోగ్యుని పైకి తేదు, సంచి బరువైనవానిని పైకి తెచ్చును.

రెండవ మాటకు సమాధానము: ఆకలి గొన్నవాని యిష్టమును సంతలో కూరగాయలు కొనువాని యిష్టముతో సమానముగా నెంచరాదు. యజమానులందరు కొన్ని వాకిళ్లయొద్దనే చేరినప్పుడు పనివాడు వేరొక చోటికి బోయి యేమి చేయును?

మూడవ మాట మిక్కిలి బలమైనదిగా కనబడును. నిరుద్యోగి నుండి పరీక్ష రుసుము గ్రహించుటను మేము సంపూర్ణముగా సమర్థింపము. అయినను భేదమొకటి కలదు. పరీక్షకు రుసుము పుచ్చుకొన్నవాడు ప్రతివాని యుత్తరపత్రమును దిద్దించి, వచ్చిన మార్కులు తెలుపుటకు బద్ధుడు. రుసుము పుచ్చుకొనుటతో చదువు బాధ్యత యతని నెత్తికెక్కినది. ఇచ్చటనో, రుసుము పుచ్చుకొన్నవాడు మధ్యవర్తి, చదువవలసినవాడు యజమాని. ఒకడు పుచ్చుకొనును, వేరొకనికి బాధ్యత లేదు. మా విద్యార్థి యడిగిన ప్రశ్నకు ఇప్పుడు మే మీయగల యుత్తర మిదియే: నీవు ఇచ్చిన సొమ్ము నీ యుత్తరమును చదివినందుకు కాదు, చదువుదురేమో యని నీవాశించినందుకు.

దోష మెచ్చట నున్నదో యిప్పుడు స్పష్టమగుచున్నది. దళారి రుసుము పుచ్చుకొనుట తప్పు కాదు. రెండు దేశములవారిని కలిపి, కూలికి హామీ యుండి, తగవు తీర్చువాడు తన శ్రమకు ఫలము కోరుట న్యాయమే. ఆ ఫలమెప్పుడు, దేనినుండి పుచ్చుకొనుచున్నాడనునదే ప్రశ్న. మన పెండ్లిళ్ల పేరయ్యను చూడుడు. అతనిని మనము పరిహసింతుము గాని, అతనికి సంభావన ముట్టునది ముడి పడిన పిదపనే. కనుక సంబంధము కుదిరిన నతనికి లాభము, చెడిన నష్టము. అతని లాభము మన లాభముతో ముడిపడియున్నది. కూలినుండి పుచ్చుకొను కమీషను ఇట్టిది. ఫైవర్ నూటికి 20 పుచ్చుకొనును, అది భారమే. అయినను పనివానికి కూలి వచ్చిననే గాని ఆ యిరువది రాదు. దరఖాస్తుమీది రుసుము ఇట్టిది కాదు. ఒక పనికి ఒక్కడే యెన్నుకొనబడును, తక్కినవారందరు ఓడుదురు. గెలిచినవానికంటె ఓడినవారివలన వచ్చు సొమ్మే యెక్కువ. ఎందరోడిన నంత లాభము. పనివాని యోటమి తన యాదాయమగు చోట దళారి యెంతటి సజ్జనుడైనను కాలక్రమమున ఆ యాదాయమునకే దాసుడగును. మనుష్యుల దుర్మార్గము దీనికి కారణము కాదు, ఏర్పాటు యొక్క వంకర కారణము.

కౌటిల్యుని యర్థశాస్త్రమున నొక నియమము కలదు. కూలి ముందుగా మాటాడుకొననిచో సేద్యము చేసినవానికి పంటలో, ఆవులను కాచినవానికి నేతిలో, వర్తకమున శ్రమించినవానికి సరకులో పదవ పాలు చెందవలెనని యందు విధింపబడినది. ఆనాటి పదవ పాలు శ్రమ చేసినవానిది. నేటి పదవ పాలు శ్రమ చూపినవానిది. అయినను రెండింటిలో నొక సామాన్యధర్మము కలదు. పంట పండిన పిదపనే పాలు. పండని చేనిలో పాలు కోరినవాడు ఏ శాస్త్రమునందును కానరాడు.

ఆధునిక లోకమునకును ఈ ధర్మము క్రొత్త కాదు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొదటి సమావేశముననే, రుసుము లేని ప్రభుత్వ ఉద్యోగ కేంద్రములు ప్రతి దేశమున ఉండవలెనని ఒడంబడిక చేసెను. 1933లో లాభమునకై రుసుము గ్రహించు ఏజెన్సీలనే తొలగింపవలెనని తీర్మానించెను. 1997 నాటి 181వ ఒడంబడికలో ప్రైవేటు ఏజెన్సీలను అంగీకరించియు, కొన్ని మినహాయింపులు దక్క, పనివారినుండి ప్రత్యక్షముగా గాని పరోక్షముగా గాని రుసుము పుచ్చుకొనరాదని విధించెను. మన దేశమున యుద్ధమునుండి మరలిన సైనికులకై 1945లో నెలకొల్పిన ఎంప్లాయిమెంట్ ఎక్స్‌చేంజీలు 1948లో అందరికిని తెరవబడినవి. గల్ఫు దేశములకు మనుష్యులను పంపు ఏజెంట్ల రుసుమునకు 1983 నాటి వలసల చట్టము క్రింద హద్దు కలదు. ఓడ యెక్కి పోవువానికి ఈ రక్ష యున్నది. ఇంట గూర్చుండి దూరదేశమునకు పని చేయువానికి లేదు. అతడు చట్టము దృష్టిలో ఉద్యోగి కాడు, వ్యాపారి. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలునకు వచ్చి, గిగ్ పనివారికి, ప్లాట్‌ఫారం పనివారికి పేరైనను పెట్టినది. వారి క్షేమనిధికి కంపెనీలు తమ వ్యాపారమునుండి నూటికి 1 మొదలు 2 వరకు ఈయవలెనన్నది. అది మంచిదే. కాని పని యడుగుటకు పుచ్చుకొను రుసుమును గూర్చి యది మాటాడదు. నీతి ఆయోగు 2022లో ప్రకటించిన నివేదిక ప్రకారము 2020-21లో దేశమున గిగ్ పనివారు 77 లక్షలు. 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలగుదురని యంచనా. ఇంతమంది విషయమున చట్టము మౌనము వహింపరాదు.

చట్టము వచ్చునందాక మన గృహములలో మనము చేయదగినది లేదా? కలదు.

మొదటిది, బిడ్డల లెక్క పుస్తకమును చూడవలెను. నిందించుటకు గాదు, తెలిసికొనుటకు. మెడలో కంపెనీ బిళ్ల లేని పిల్లవానిని చుట్టముల యెదుట దాచిపెట్టు గృహములు మనలో ననేకము. ఆ సిగ్గునకు వెరచియే పిల్లలు రాత్రులు తలుపులు మూసికొని టోకెనులు కొనుచున్నారు. ఓటమిని ఇంట చెప్పుకొనగలిగినవాడు ఓటమికి హద్దు పెట్టుకొనగలడు.

రెండవది, ఒంటరిగా పోవుట మానవలెను. మన నేతవారు దళారుల చేతులనుండి తప్పించుకొనుటకు సహకార సంఘములు పెట్టుకొన్నారు. అందు కొన్ని చెడినను కొన్ని నిలిచినవి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము మనకున్నది. చిత్రకారుడు, లెక్కరి, అనువాదకురాలు, వెబ్‌సైటు చేయువాడు పదిమంది కలిసిన, ఒక్క పేరుతో పని యడుగవచ్చును. ఒకని యోటమిని పదిమంది మోయవచ్చును. ఒకనికి వచ్చిన పనిని మరొకనితో పంచుకొనవచ్చును.

మూడవది మనలో యజమానులైన వారి విషయము. హైదరాబాదున దుకాణములు, బడులు, ఆసుపత్రులు నడుపు చదువరులు ఎందరో యుందురు. మన వీధిలోని పనివానిని మనమే పిలిచి యేల పనియీయరాదు? పిలువకపోయినను, అడిగిన వానికి 'వలదు' అని యొక్క వాక్యము వ్రాయుటకేమి కష్టము? దూరదేశపు యజమాని యుత్తరము తెరచి చూడలేదని నిట్టూర్చు మనము, మన బల్లమీది దరఖాస్తుల నెన్నిటిని తెరచితిమి?

మా విద్యార్థి మరల వచ్చినప్పుడు మేమతనికి పూర్వపు బోధను సవరించి చెప్పితిమి. యత్నము మానకుము. కాని నీ యత్నమును కొనువాడెవడో, దానివలన లాభపడువాడెవడో కనుగొని యత్నింపుము. నీవు తిన్న పిదప తినువానితో కూడుము. నీవు పస్తున్ననాడును తినువానికి దూరముగా నుండుము. అతడు నవ్వి, నెలకు పది దరఖాస్తులకు మించి పంపనని అక్కకు మాట యిచ్చితి ననెను. మిగిలిన రాత్రులు ఇద్దరు మిత్రులతో కలిసి కూకట్‌పల్లిలోని దుకాణములకు వెబ్‌సైటులు చేయుచున్నాడట. కూలి తక్కువే. కాని పని యడుగబోయిన దుకాణదారు లెవ్వరును అడిగినందుకు రుసుము కోరలేదట. ఇరువురు మాత్రము టీ యిచ్చి పంపినారట.